పిల్లల తిండిలో కృత్రిమ రంగులు: నిజంగా భయపడాలా? లేబుల్ మీద ఏం చూడాలి?

శ్రావణి_అమ్మ
అందరికీ నమస్కారం. మా బాబుకి ఐదేళ్లు. రంగురంగుల జెల్లీలు తిని, కూల్‌డ్రింక్ తాగిన రోజు వాడిని పట్టుకోవడం నా వల్ల కావడం లేదు. సోఫా ఎక్కి దూకుతాడు, ఎంత రాత్రయినా నిద్రపోడు. మా అత్తగారు "ఆ రంగుల వల్లే" అంటారు. మా వారేమో "పిల్లలన్నాక గెంతరా, రంగు ఏం చేస్తుంది" అని కొట్టిపారేస్తారు. ప్యాకెట్ వెనక చూస్తే 102, 110, 129 అని నంబర్లు ఉన్నాయి. నెట్‌లో వెతికితే ఒకరు క్యాన్సర్ అంటారు, ఇంకొకరు అంతా ఉత్తదే అంటారు. అమెరికాలో ఏదో ఎరుపు రంగు నిషేధించారని కూడా చదివాను. చూసినకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరా?

పసుపుకొమ్ము
మీ అత్తగారి మాటే కరెక్ట్. ఈ రంగులన్నీ పెట్రోలియం నుంచి తీస్తారు. తెలిసి తెలిసి పిల్లలకి పెట్రోలు తాగిస్తామా? అన్నీ మానేయండి, అంతే.

ల్యాబ్_కోటు
పసుపుకొమ్ము గారూ, ముడిసరుకు పెట్రోలియం అన్నది నిజమే. అంతమాత్రాన విషం అయిపోదు. పారాసిటమాల్ ముడిసరుకు కూడా పెట్రోకెమికలే, జ్వరమొస్తే మనమే వేస్తున్నాం. చివరికి తయారైన పదార్థం ఏమిటి, ఒంట్లోకి ఎంత పోతోంది, పోయాక ఏం చేస్తోంది అన్నవి చూడాలి.

శ్రావణి గారూ, నేను ఆహార పరిశ్రమలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. మీరు చూసిన నంబర్లలో 102 అంటే టార్ట్రజీన్, నిమ్మపసుపు రంగు. 110 సన్‌సెట్ ఎల్లో, ఇది నారింజ. 129 అల్యూరా రెడ్. ఇంకా తరచుగా కనిపించేవి 122 కార్మోయిసిన్, 124 పోన్సో 4ఆర్, 127 ఎరిత్రోసిన్, 133 బ్రిలియంట్ బ్లూ. యూరప్‌లో ఈ నంబర్ల ముందు "ఈ" అనే అక్షరం ఉంటుంది, చాలా దేశాల్లో "ఐఎన్‌ఎస్" (అంతర్జాతీయ సంఖ్యా పద్ధతి) అని రాస్తారు. అమెరికాలో పేర్లే వేరు. అక్కడ 129ని రెడ్ 40 అంటారు, 102ని ఎల్లో 5, 110ని ఎల్లో 6, 127ని రెడ్ 3 అంటారు. ఒకే రంగుకి ఇన్ని పేర్లుండటం వల్ల నెట్‌లో సగం గందరగోళం పుడుతోంది. ప్యాకెట్ మీద ఆకుపచ్చ కనిపిస్తే చాలాసార్లు అది 102, 133 కలిపి చేసిందే.

వీటిలో 102, 110, 122, 124, 129 అజో రంగులు. రెండు నైట్రోజన్ పరమాణువుల బంధం చుట్టూ కట్టిన అణువులన్నమాట. ఇవి ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. పేగుల్లోని బ్యాక్టీరియా ఆ బంధాన్ని తెంచుతుంది, ముక్కలైనవి కొంతవరకు ఒంట్లోకి ఇంకుతాయి. 127, 133 ఈ కుటుంబానికి చెందినవి కావు. అందుకే "కృత్రిమ రంగులు" అని అన్నిటినీ ఒకే గాటన కట్టి మాట్లాడితే నాకు చిరాకు.

సందేహాల_పుట్ట
నాదో ప్రశ్న. రుచి లేదు, పోషకం లేదు, నిల్వ ఉండటానికీ పనికిరాదు. మరి ఎందుకు వేస్తున్నట్టు?

ల్యాబ్_కోటు
కంటి కోసం. నిజంగా అంతే. ఎండకి, వేడికి, పులుపుకి వెలిసిపోవు, చిటికెడుతో పెద్ద ట్యాంకుకి రంగు వస్తుంది, ప్రతి బ్యాచూ ఒకేలా కనిపిస్తుంది. సహజ రంగులతో ఈ మూడూ కష్టం.

పైగా కొనేవాళ్లు రంగు అడుగుతారు. అమెరికాలో జనరల్ మిల్స్ కంపెనీ ట్రిక్స్ అనే పిల్లల సీరియల్‌లో 2016లో కృత్రిమ రంగులు తీసేసింది. నీలం, ఆకుపచ్చ సరిగ్గా కుదరక వాటిని వదిలేసింది. "వెలిసిపోయినట్టుంది" అని జనం గొడవ చేస్తే 2017లో పాత రంగులతోనూ మళ్లీ అమ్మకానికి పెట్టింది. దానికి పూర్తిగా ఉల్టా కథ క్రాఫ్ట్ వాళ్లది. మాకరోనీ చీజ్‌లో టార్ట్రజీన్ తదితర రంగులు తీసేసి, పసుపు, పాప్రికా (ఎండు మిరప పొడి), అనాటో గింజల రంగు వేసి, ఎక్కువ ప్రచారం చేయకుండా అమ్మారు. 5 కోట్లకు పైగా డబ్బాలు అమ్ముడుపోయాక 2016లో "ఎవరికైనా తేడా తెలిసిందా?" అని ప్రకటన ఇచ్చారు. చెప్పకపోతే ఎవరూ పట్టించుకోలేదు!

లెక్కలమాస్టారు
శ్రావణి గారూ, మీ వారి తరఫున ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. మనం ఏది చూడాలనుకుంటే అదే కనిపిస్తుంది. దీనికి మంచి ఉదాహరణ చక్కెర. "స్వీట్లు తింటే పిల్లలు రెచ్చిపోతారు" అన్నది ప్రపంచమంతా నమ్మే మాట. 1994లో ఒక ప్రయోగం చేశారు. తమ పిల్లలకి చక్కెర పడదని నమ్మే తల్లుల్ని పిలిచి, పిల్లలందరికీ చక్కెర లేని పానీయమే ఇచ్చారు. సగంమంది తల్లులకి మాత్రం "మీవాడికి చక్కెర ఎక్కువ వేశాం" అని చెప్పారు. ఆ తల్లులు తమ పిల్లలు బాగా అల్లరి చేశారని మార్కులు వేశారు. పిల్లల దగ్గరే ఉండి మాటిమాటికీ మందలించారు కూడా. లోపలికి పోయినదాంట్లో తేడా ఏమీ లేదు. చక్కెర మీద జరిగిన ఇతర గట్టి పరీక్షల్లో కూడా ప్రవర్తన మీద ప్రభావం తేలలేదు.

కాబట్టి "రంగు తిన్నాడు, గెంతాడు" అన్నది పరిశీలనే తప్ప రుజువు కాదు. జెల్లీలు ఎప్పుడు తింటారు? పుట్టినరోజు పార్టీలో, సెలవు రోజున, పదిమంది పిల్లలు కూడినప్పుడు. ఆ రోజు రంగులేని అన్నం పెట్టినా గెంతుతారు.

పసుపుకొమ్ము
అంటే తల్లులందరూ భ్రమలో ఉన్నారా మాస్టారూ? ప్రతిరోజూ చూసేది వాళ్లే కదా. మరి యూరప్‌లో హెచ్చరిక ఎందుకు పెట్టారు?

లెక్కలమాస్టారు
తల్లుల్ని తక్కువ చేయడం లేదండీ. చక్కెర విషయంలో తేలనిది రంగుల విషయంలో కొంత తేలింది, అదే చెప్పబోతున్నాను. కాస్త పొడుగు పోస్టు, ఓపిక పట్టండి.

1973లో శాన్‌ఫ్రాన్సిస్కోకి చెందిన బెంజమిన్ ఫైన్‌గోల్డ్ అనే అలర్జీ డాక్టరు కృత్రిమ రంగులు, రుచికారకాలు మానిపిస్తే అతిచురుకు పిల్లల్లో చాలామంది కుదురుకుంటున్నారని ప్రకటించాడు. ఆయన చెప్పినంత పెద్ద ఫలితం తర్వాతి పరీక్షల్లో కనపడలేదు. వాదన మాత్రం ముప్ఫై ఏళ్లకు పైగా నడిచింది.

2007లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం వాళ్ల పరిశోధన లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. డబ్బు ఇచ్చింది అక్కడి ప్రభుత్వ ఆహార ప్రమాణాల సంస్థే. మూడేళ్ల పిల్లలు 153 మంది, ఎనిమిది తొమ్మిదేళ్లవాళ్లు 144 మంది. వీళ్లు జబ్బు పిల్లలు కారు, మామూలు పిల్లలు. ఇంట్లో రంగులు మానిపించి, కొన్ని వారాలు రంగుల మిశ్రమం ఉన్న జ్యూస్, కొన్ని వారాలు అచ్చం అలాగే కనిపించే, రుచించే ఉత్త జ్యూస్ ఇచ్చారు. ఏ వారం ఏదో తల్లిదండ్రులకీ టీచర్లకీ పిల్లలకీ ఎవరికీ తెలియదు. ఇందాకటి చక్కెర ప్రయోగంలోని భ్రమకి ఇక్కడ చోటు లేదు.

రెండు మిశ్రమాలు వాడారు. మొదటిదాంట్లో సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్, టార్ట్రజీన్, పోన్సో 4ఆర్. రెండోదాంట్లో సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసిన్, క్వినొలిన్ ఎల్లో, అల్యూరా రెడ్. రెండింటిలోనూ సోడియం బెంజోయేట్ అనే నిల్వ పదార్థం కలిపారు. మొదటి మిశ్రమానికి మూడేళ్లవాళ్లలో అల్లరి, అశ్రద్ధ పెరిగాయి. రెండోదానికి ఆ వయసులో స్పష్టంగా తేలలేదు. పెద్దపిల్లల్లో రెండింటికీ కొంత ప్రభావం కనిపించింది.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, సగటు తేడా చిన్నది. రెండు, పిల్లకీ పిల్లకీ చాలా తేడా ఉంది. కొందరిలో బాగా మార్పు, చాలామందిలో ఏమీ లేదు. 2010లో అదే బృందం హిస్టమిన్‌ని (అలర్జీ వచ్చినప్పుడు ఒంట్లో విడుదలయ్యే రసాయనం) విరగ్గొట్టే ఒక జన్యువులో ఉండే తేడాలు దీనికి కొంత కారణమని చూపించింది. అంటే ఒకే జెల్లీ తిన్న అన్నదమ్ములిద్దరిలో ఒకడు గెంతి, ఇంకొకడు హాయిగా నిద్రపోవచ్చు.

ఇద్దరి_నాన్న
ఈ చివరి లైను చదివి మా ఇంట్లో అందరికీ వినిపించాను మాస్టారూ. మా పెద్దవాడికి ఏదైనా సరే, ఏం కాదు. చిన్నది మాత్రం నారింజ రంగు డ్రింక్ తాగితే దద్దుర్లు. డాక్టరుగారు టార్ట్రజీన్, సన్‌సెట్ ఎల్లో మానమన్నారు, తగ్గింది. అల్లరి సంగతి తెలియదు కానీ, దద్దుర్లు కంటికి కనిపించేవే కదా.

ల్యాబ్_కోటు
ఇద్దరి_నాన్న గారు చెప్పింది వేరే దారి. కొద్దిమందిలో టార్ట్రజీన్ దద్దుర్లు, ఆస్తమా లక్షణాలు తెస్తుంది, ముఖ్యంగా ఆస్పిరిన్ పడనివాళ్లలో. ఇది చాలాకాలంగా తెలిసిందే.

సౌతాంప్టన్ తర్వాత జరిగింది నేను చెబుతాను. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2008లో ఆ ఫలితాలు చూసి "సాక్ష్యం పరిమితం, ప్రభావం స్వల్పం" అంది. అయినా యూరోపియన్ పార్లమెంటు ముందుజాగ్రత్తగా 2010 జులై 20 నుంచి ఆ ఆరు రంగుల్లో ఏది వేసినా "పిల్లల చురుకుదనం, శ్రద్ధ మీద చెడు ప్రభావం చూపవచ్చు" అని ముద్రించాలంది. ఆ వాక్యం ప్యాకెట్ మీద వేసుకోవడం ఇష్టంలేక చాలా కంపెనీలు అక్కడ రంగులే మార్చేసుకున్నాయి. నిషేధించకుండానే పని జరిగింది.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో సలహా కమిటీని కూర్చోబెట్టింది. అందరు పిల్లలకీ కారణ సంబంధం తేలలేదన్నారు, హెచ్చరిక వద్దని 8-6 ఓట్లతో తేల్చారు. ఆ 8-6 చూశారుగా, నిపుణులే చీలిపోయారు. 2021లో కాలిఫోర్నియా పర్యావరణ ఆరోగ్య సంస్థ అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నీ తిరగేసి, కొందరు పిల్లల ప్రవర్తన మీద ఈ రంగుల ప్రభావం ఉందని తేల్చింది. అది చెప్పిన ఇంకో మాట నాకు ముఖ్యంగా అనిపించింది. ఇప్పుడున్న సురక్షిత పరిమితులు పాత జంతు పరీక్షల మీద పెట్టినవి. ఆ పరీక్షలు ప్రవర్తనలో మార్పు కనిపెట్టడానికి చేసినవి కావు.

సందేహాల_పుట్ట
ఆ "సురక్షిత పరిమితి" ఎంతో చెప్పరా? రోజుకి ఎంత తింటే ఎక్కువ?

ల్యాబ్_కోటు
జంతువుల్లో ఏ హానీ చేయని మోతాదు కనుక్కుని, దాన్ని మామూలుగా వందతో భాగిస్తారు. జీవితాంతం రోజూ తిన్నా ఫర్వాలేదనే లెక్క అది. కిలో బరువుకి ఇన్ని మిల్లీగ్రాములు అని చెబుతారు. యూరప్ లెక్కల్లో టార్ట్రజీన్‌కి 7.5, అల్యూరా రెడ్‌కి 7, పోన్సో 4ఆర్‌కి 0.7, ఎరిత్రోసిన్‌కి 0.1. పదిహేను కిలోల పిల్లాడికి లెక్కేస్తే టార్ట్రజీన్ 112 మిల్లీగ్రాముల దాకా, అల్యూరా రెడ్ 105 దాకా. పోన్సో మాత్రం 10.5, ఎరిత్రోసిన్ ఒకటిన్నర మిల్లీగ్రాములే. అందుకే అన్నిటినీ ఒకే గాటన కట్టొద్దంటాను.

ఇవి రాతిమీద చెక్కినవీ కావు. సన్‌సెట్ ఎల్లో పరిమితిని 2009లో 2.5 నుంచి 1కి తగ్గించారు. కొత్త పరీక్షలు చూసి 2014లో 4కి పెంచారు.

ఇప్పుడు ఈ అంకెలు పక్కన పెట్టుకుని సౌతాంప్టన్ చూడండి. మూడేళ్ల పిల్లలకి ఇచ్చిన మొదటి మిశ్రమంలో రంగులన్నీ కలిపి 20 మిల్లీగ్రాములే. అందులో టార్ట్రజీన్ 7.5. ఏ ఒక్కటీ పరిమితి దాటలేదు, దరిదాపుల్లో కూడా లేదు కొన్ని. అయినా తేడా కనపడింది. "పరిమితిలోనే వేస్తున్నాం" అని మా పరిశ్రమవాళ్లు చెప్పినప్పుడు ఇది గుర్తుంచుకోండి. (మా మేనేజరు ఈ వేదికలో లేడనే ధైర్యంతో రాస్తున్నా.)

పాతపుస్తకం
ఎరుపు రంగు నిషేధం గురించి శ్రావణి గారు అడిగింది ఎవరూ చెప్పలేదు. దానికి ముందు కొంచెం చరిత్ర.

1856లో విలియం పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడు తారు నుంచి మలేరియా మందు క్వినైన్ చేయబోతే ఊదా రంగు వచ్చింది. కృత్రిమ రంగుల పరిశ్రమ అలా మొదలైంది. కొద్దికాలానికే అవి తిండిలోకి వచ్చాయి. ఇది దారుణంగా అనిపించవచ్చు. కానీ అంతకుముందు ఏం వేసేవారో తెలుసా? 1850ల్లో లండన్‌లో పిల్లల మిఠాయిలు పరీక్షిస్తే పసుపుకి సీసం, ఎరుపుకి పాదరసం, ఆకుపచ్చకి ఆర్సెనిక్ లవణాలు దొరికాయి. వాటితో పోలిస్తే తారు రంగులు అప్పట్లో మెరుగే.

తర్వాత ఒక్కొక్కటే రాలిపోయాయి. 1950లో అమెరికాలో హాలోవీన్ మిఠాయిల్లోని ఆరెంజ్ 1 అనే రంగుతో పిల్లలు జబ్బు పడ్డారు. దాన్ని తీసేశారు. 1976లో రెడ్ 2, అంటే అమరాంత్, పోయింది. ఎం అండ్ ఎమ్స్ చాక్లెట్లలో ఆ రంగు లేకపోయినా, జనం భయపడతారని కంపెనీ ఎర్ర గోళీలే మానేసింది. 1987లో గానీ అవి తిరిగి రాలేదు.

ఇక ఎరిత్రోసిన్, అంటే రెడ్ 3. మగ ఎలుకల్లో ఎక్కువ మోతాదులో థైరాయిడ్ కణుతులు వచ్చాయని 1990లోనే సౌందర్య సాధనాల్లో, పైపూత మందుల్లో ఆపేశారు. పెదవులకి రాసుకోకూడదు గానీ తినొచ్చు! ఈ విడ్డూరం ముప్ఫై నాలుగేళ్లకు పైగా నడిచి, 2025 జనవరి 15న ఎఫ్‌డీఏ తిండిలోనూ అనుమతి రద్దుచేసింది. కంపెనీలకు 2027 జనవరి దాకా గడువు. ఎలుకల్లో కణుతి వచ్చిన విధానం మనుషులకు వర్తించదని ఎఫ్‌డీఏనే చెప్పింది. అయినా జంతువుల్లో గానీ మనుషుల్లో గానీ క్యాన్సర్ తెచ్చే రంగును అనుమతించకూడదని 1960 నాటి చట్టం ఉంది కాబట్టి తప్పలేదు.

పసుపుకొమ్ము
చూశారా! ముప్ఫై ఏళ్లు పిల్లలకి తినిపించి ఇప్పుడు తీసేశారు. రేపు మిగతావీ తీసేస్తారు. అప్పటిదాకా మనం ఆగాలా?

లెక్కలమాస్టారు
అది చట్టం వల్ల వచ్చిన నిషేధమండీ, పిల్లలకి క్యాన్సర్ వచ్చిందని కాదు. ఈ రెండూ కలిపేస్తే శ్రావణి గారికి నిద్ర పట్టదు. రంగుల మీద నా అభ్యంతరం క్యాన్సర్ కాదు, ప్రవర్తన. అక్కడే మనుషుల్లో సాక్ష్యం ఉంది.

పసుపుకొమ్ము
సరే, మీ మాటకే వస్తాను. ప్రవర్తన మీద సాక్ష్యం ఉందన్నారు, రంగు వల్ల లాభం ఏమీ లేదన్నారు. మరి ఉంచుకోవడానికి కారణం ఏముంది? మందు అయితే సైడ్ ఎఫెక్ట్ ఉన్నా జబ్బు తగ్గుతుందని వాడతాం. ఇది దేనికి?

లెక్కలమాస్టారు
ఈ వాదనకి నా దగ్గర జవాబు లేదు. ఇది గట్టి వాదన. పెట్రోలు మాట వదిలేసి ఇదే మొదట రాసి ఉంటే నేను లైక్ కొట్టి వెళ్లిపోయేవాణ్ణి.

మందులషాపు_మూర్తి
అందరూ జెల్లీల దగ్గరే ఆగారు. నేను ఫార్మసిస్టుని, నా బాధ నాది. పిల్లల దగ్గు సిరప్‌లు, జ్వరం మందులు, యాంటీబయాటిక్ పొడులు, చప్పరించే విటమిన్ బిళ్లలు, గమ్మీలు, టూత్‌పేస్ట్, మౌత్‌వాష్... వీటిలో చాలావాటికి రంగు ఉంటుంది. ఇంట్లో జెల్లీలు మొత్తం మానిపించి, పొద్దున్నే నారింజ రంగు విటమిన్ గమ్మీ ఇచ్చేవాళ్లని చూశాను. అమెరికాలో డాక్టరు చీటీతో ఇచ్చే మందుల్లో టార్ట్రజీన్ ఉంటే వాటి మీద, అలర్జీ లాంటి లక్షణాలు రావచ్చని హెచ్చరిక ఉండాలి.

దండం పెట్టి చెబుతున్నాను, రంగు ఉందని యాంటీబయాటిక్ మధ్యలో ఆపొద్దు. రంగులేని రకం ఉందా అని డాక్టరుని గానీ ఫార్మసీలో గానీ అడగండి. చాలా మందులకి ఉంటుంది. ఐదు రోజుల మందులోని రంగు కన్నా సగంలో ఆపిన మందు ప్రమాదం.

శ్రావణి_అమ్మ
అందరికీ చాలా థ్యాంక్స్. మూర్తి గారూ, మా బాబు విటమిన్ గమ్మీ సీసా చూశాను, 129 ఉంది! ఇంకో ప్రశ్న. కూల్‌డ్రింక్ సీసా మీద 110, 211 అని ఉంది. 211 కూడా రంగేనా? ఇంకా నల్లటి కోలా తాగినా వాడు అలాగే చేస్తాడు, దాని మీద 150డి అని ఉంది.

ల్యాబ్_కోటు
211 రంగు కాదు, సోడియం బెంజోయేట్. మాస్టారు చెప్పిన సౌతాంప్టన్ మిశ్రమంలో కలిపింది ఇదే. రంగు, బెంజోయేట్ కలిపే ఇచ్చారు కాబట్టి ఏది ఎంత చేసిందో ఆ పరిశోధన విడదీసి చెప్పలేదు. మీ సీసాలో కూడా రెండూ కలిసే ఉన్నాయి.

150డి అంటే ఒక రకం క్యారమెల్ రంగు. అజో కుటుంబం కాదు. కోలా తాగి నిద్రపోకపోతే ముందు అనుమానించాల్సింది కెఫీన్‌ని! ఐదేళ్ల పిల్లాడికి సాయంత్రం కోలా ఇచ్చి రంగుని తిట్టడం అన్యాయం.

పసుపుకొమ్ము
సహజ రంగులు ఉన్నవే కొంటే ఈ గొడవే ఉండదు కదా. పసుపు, బీట్‌రూట్, స్పిరులినా నాచు.

ల్యాబ్_కోటు
చాలావరకు మంచి మార్గమే, కాదనను. అలాగని కళ్లు మూసుకోకండి. 120 కార్మైన్ సహజమే, కోచినీల్ అనే పురుగుల్ని ఎండబెట్టి తీస్తారు. శాకాహారులకి పనికిరాదు, కొద్దిమందికి తీవ్రమైన అలర్జీ తెస్తుంది. అందుకే అమెరికాలో 2011 నుంచి దాని పేరు విడిగా రాయాలి. అనాటో గింజల రంగు కూడా కొందరికి పడదు.

అసలు నాకు అన్నిటికన్నా భయం వేసేది అనుమతి ఉన్న రంగులు కాదు, అనుమతే లేనివి. రంగు బాగా కనిపించాలని పసుపులో లెడ్ క్రోమేట్ (సీసం, క్రోమియం ఉన్న పసుపు రంగు) కలిపే మోసం ఉంది. 2023లో అమెరికాలో పిల్లల యాపిల్ గుజ్జు ప్యాకెట్లలో వాడిన దాల్చినచెక్క పొడిలో సీసం, క్రోమియం బయటపడ్డాయి. వందల మంది పిల్లల రక్తంలో సీసం తేలింది. సీసం పిల్లల మెదడుకి చేసే హాని ముందు టార్ట్రజీన్ గోల చిన్నపిల్లల తగాదా. బట్టలకి వేసే మెటానిల్ ఎల్లో, రోడమిన్ బి కూడా ఇలాగే దొంగతనంగా తిండిలోకి వస్తాయి. లేబుల్ లేకుండా విడిగా అమ్మే, కళ్లు జిగేల్‌మనే రంగు తినుబండారాలకి దూరంగా ఉండమని నేను చెప్పేది ఇందుకే. లేబుల్ మీద 102 ఉందంటే కనీసం అక్కడున్నదేమిటో తెలుస్తుంది.

సందేహాల_పుట్ట
టార్ట్రజీన్ రాస్తే ఎలుక చర్మం అద్దంలా పారదర్శకం అయిపోయిందని వీడియో చూశాను. అదేంటి మరి? పేగులకీ అదే గతా?

ల్యాబ్_కోటు
హహ. అది 2024లో స్టాన్‌ఫర్డ్ వాళ్ల ప్రయోగం. చిక్కటి ద్రావణాన్ని చర్మానికి రాస్తే కాంతి చెదరడం తగ్గి లోపల కనిపించింది, కడిగేస్తే మామూలైపోయింది. తినడానికీ దానికీ సంబంధం లేదు.

పేగుల గురించి అడిగారు కాబట్టి ఇంకోటి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్లు 2022లో ఎలుకలకి అల్యూరా రెడ్ రోజూ పెడితే పేగువాపు ఎక్కువైంది. అప్పుడప్పుడూ పెడితే అలా జరగలేదు. కానీ చిన్నతనంలో తిన్న ఎలుకలకి తర్వాత ఆ జబ్బు త్వరగా పట్టుకుంది. ఎలుకలే, మనుషుల్లో తేలాల్సి ఉంది. ఇందుకే నేను రోజూ తినేదానికీ పండక్కి తినేదానికీ తేడా చూస్తాను.

ఇద్దరి_నాన్న
శ్రావణి గారూ, మీ బాబుకి పడుతుందో లేదో తెలుసుకోవాలంటే మా డాక్టరుగారు చెప్పిన పద్ధతి. ఒక రెండు వారాలు రంగున్నవన్నీ ఆపండి, గమ్మీలు, టూత్‌పేస్ట్‌తో సహా. రోజూ నిద్ర, కోపం, శ్రద్ధ గురించి రెండు ముక్కలు రాసుకోండి. తర్వాత రంగు ఉన్నది మళ్లీ ఇచ్చి చూడండి.

లెక్కలమాస్టారు
దానికి ఒక చిన్న సవరణ. మళ్లీ ఇచ్చేది మీ వారి చేత ఇప్పించండి. ముదురు రంగు మూత కప్పులో, ఒక రోజు రంగు కలిపిన జ్యూస్, ఇంకో రోజు కలపనిది. ఏ రోజు ఏదో ఆయన రాసుకుంటారు, మీకు చెప్పరు, బాబుకీ చెప్పరు. ఒక్కసారితో ఆపకుండా కొన్నిసార్లు మార్చి మార్చి ఇవ్వాలి. మీరు రోజూ మార్కులు వేయండి. చివర్లో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టండి. అత్తగారు గెలుస్తారో ఆయన గెలుస్తారో తేలిపోతుంది. కెఫీన్, పార్టీలు, ఆలస్యపు నిద్ర లేని రోజులే ఎంచుకోండి.

దద్దుర్లు, ఆయాసం ఎప్పుడైనా వచ్చి ఉంటే మాత్రం ఈ ప్రయోగం ఇంట్లో చేయొద్దు, డాక్టరు దగ్గరే.

మందులషాపు_మూర్తి
ఇంకోటి కలపండి మాస్టారూ. బాబు బడిలో కూడా కుదురుగా ఉండకపోతే, ఇంట్లో రంగులు మానిపించి అదే వైద్యం అనుకోకూడదు. 2012లో వచ్చిన ఒక విశ్లేషణ ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవకపోవడం, అతిచురుకు ఉండే సమస్య) ఉన్న పిల్లల్లో సుమారు 8 శాతం మందికి రంగులతో లక్షణాలు ముడిపడి ఉండొచ్చని అంచనా వేసింది. మిగతా 92 మందికి కారణం వేరే ఉన్నట్టేగా. పిల్లల డాక్టరుకి చూపించాలి. ఇష్టమొచ్చినట్టు పది రకాల తిండి ఒకేసారి మానిపించి పిల్లాడిని బక్కచిక్కించొద్దు.

పాతపుస్తకం
తాజా సంగతి కూడా చెప్పుకుందాం. 2025 ఏప్రిల్‌లో అమెరికా ఆరోగ్య శాఖ పెట్రోలియం రంగులన్నీ 2026 చివరికల్లా తీసేయాలని కంపెనీలను కోరింది. ఇది చట్టం కాదు, అభ్యర్థనే. మే నెలలో గాల్డియేరియా అనే నాచు నుంచి తీసిన నీలం రంగుకి అనుమతి ఇచ్చారు. కాలిఫోర్నియా మాత్రం చట్టమే చేసింది, 2027 డిసెంబరు 31 నుంచి ప్రభుత్వ బడుల తిండిలో ఆరు కృత్రిమ రంగులు ఉండకూడదు. తెల్ల రంగు 171, టైటానియం డయాక్సైడ్, యూరప్‌లో తిండి నుంచి 2022లోనే పోయింది.

నిర్వాహకుడు
మంచి చర్చ. కంపెనీల పేర్లతో "ఇది విషం" తరహా పోస్టులు రెండు తీసేశాను. లేబుల్ ఫొటోలు పెట్టాలనుకునేవాళ్లు పెట్టండి, నంబరు చూపించి అడిగితే చాలు.

శ్రావణి_అమ్మ
మా వారు కాగితం తీసుకుని రెడీగా ఉన్నారు, అత్తగారు పందెం కూడా కాశారు. సోమవారం నుంచి మొదలు. ఈలోగా ఒక్క చిన్న డౌట్, నవ్వకండి. నిన్న పక్కింట్లో పుట్టినరోజు. నీలం క్రీమ్ కేకు తిన్నాడు. ఇవాళ వాడికి ఆకుపచ్చగా విరేచనం అయింది. డాక్టరు దగ్గరికి పరుగెత్తాలా?

మందులషాపు_మూర్తి
అక్కర్లేదమ్మా. అది 133. ఎక్కువభాగం ఒంటికి పట్టకుండా వచ్చిన దారినే పోతుంది, పైత్యరసం పసుపుతో కలిసి ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో మామూలైపోతుంది. జ్వరం, కడుపునొప్పి, నీళ్ల విరేచనాలు ఉంటే మాత్రం చూపించండి.